వరద రోజును చూసి కొను

హైదరాబాద్

చిరంజీవి అల్లుడికి,

రౌటర్లు, స్విచ్‌ల కోసం నువ్వు తెప్పించి పంపిన మూడు కొటేషన్లూ రాత్రి కూర్చుని చదివాను. రాజమండ్రిలో నాలుగు వీధుల కేబుల్‌తో మొదలుపెట్టినవాడివి పక్క మండలాలకీ ఇంటర్నెట్ ఇచ్చేదాకా వచ్చావు. చాలా సంతోషం. మూడింటిలోనూ గిగాబిట్ల అంకె చుట్టూ ఎర్రగీత గీశావు. నేనైతే ఆ అంకెను ఆఖర్న చూస్తాను. ఎందుకో చెప్తాను.

2014 ఆగస్టు 12న ప్రపంచ ఇంటర్నెట్ రూటింగ్ టేబుల్ 5,12,000 రూట్లు దాటింది. అప్పుడు నేను పనిచేసేచోట రౌటర్లకు వేగానికి లోటు లేదు, లింకులు సగం కూడా నిండలేదు. అయినా కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు. కస్టమర్ల నుంచి ఫోన్లు ఆగకుండా వచ్చాయి. హార్డ్‌వేర్ టేబుల్లో ఐపీవీ4కి కేటాయించిన చోటు అంతవరకే. సెట్టింగ్ మార్చి రీబూట్ చేస్తే కుదుటపడింది. టేబుల్ పెరుగుతోందని మాకు ముందే తెలుసు. తెలిసీ చూసుకోలేదు.

ఇవాళ ఆ టేబుల్ పది లక్షల దగ్గరుంది. ఐపీవీ6 రూట్లు రెండు లక్షల పైమాటే. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల దగ్గర ఫుల్ టేబుల్ తీసుకుంటానన్నావు కాబట్టి నీ ఎడ్జ్ రౌటర్లో ఈ రెండూ పట్టి, ఇంకా ఏడెనిమిదేళ్లకు చోటు మిగలాలి. మొదటి కొటేషన్లో ర్యామ్ ఎంతో రాశారు. ఆ వివరం ఒక్కటే చాలదు. ప్యాకెట్లను పంపే చిప్‌లో ఎన్ని రూట్లు పడతాయో కాగితం మీద రాసిమ్మను.

రెండో కొటేషన్లో కెపాసిటీని రానూపోనూ కలిపి లెక్కేశారు. సగం చేసి చదువు. అలాగే సెకనుకు ఎన్ని ప్యాకెట్లో అడుగు. 10 గిగాబిట్ల లింకు మీద 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు కోటీ 48 లక్షలవుతాయి. దాడి జరిగే రోజున అలాంటివీ వస్తాయి.

స్విచ్‌ల దగ్గర బఫర్ చూడు. వంద గిగాబిట్ల లింకు నుంచి పది గిగాబిట్ల పోర్టులోకి ట్రాఫిక్ దిగేచోట చిన్న బఫర్ క్షణంలో నిండి ప్యాకెట్లు జారవిడుస్తుంది. గ్రాఫ్‌లో సగటు బాగానే కనిపిస్తుంది, ఇంట్లో క్రికెట్ మాత్రం ఆగిపోతుంది. ఊళ్లకు లైన్లు విడిపోయే స్విచ్‌లకు పెద్ద బఫర్ ఉన్నవి తీసుకో. మిగతాచోట్ల మామూలువి చాలు.

ఒకే పెద్ద రౌటర్ వద్దు. మధ్యస్థంగా ఉన్నవి రెండు కొని, వేర్వేరు గదుల్లో, వేర్వేరు కరెంటు లైన్ల మీద పెట్టు. మిగిలిన డబ్బుతో స్పేర్ ఆప్టిక్స్, పవర్ సప్లైలు రాజమండ్రిలోనే ఉంచుకో. ఇంకో సంగతి, ప్రభుత్వ నిబంధన ప్రకారం 2021 జూన్ 15 నుంచి టెలికాం లైసెన్సుదారులు విశ్వసనీయ మూలాల నుంచి వచ్చిన, ఆమోదం పొందిన పరికరాలనే కొత్తగా పెట్టాలి. ఆ ఆమోదం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు.

మీ ధవళేశ్వరం బ్యారేజీని వేసవి నీటిని చూసి కట్టలేదు, గోదావరి వరదను చూసి కట్టారు. నువ్వూ అలాగే కొను. నీ రౌటర్ ఆగిన రోజున ఊరి సచివాలయంలో పని ఆగుతుంది, పిల్లల పరీక్ష ఫారం ఆగుతుంది. వాళ్లు నిన్ను నమ్మి నెలనెలా డబ్బు కడుతున్నారు.

అందుకే ఇప్పుడే సంతకం పెట్టకు. డెమోకి ఒక బాక్సు తెప్పించు. ఫుల్ టేబుల్ ఎక్కించి, ట్రాఫిక్ నింపి, ఒక పవర్ సప్లై లాగేయ్. అది తట్టుకుంటేనే కొను. ఆ రాత్రి నేనూ నీ పక్కనే ఉంటాను, తేదీ చెప్పు.

నీ మావయ్య