స్ట్రాస్‌బర్గు న్యాయస్థానమున రిజిస్ట్రారు పదవి

1959లో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరమున వెలసిన ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానమున తీర్పులు చెప్పువారు న్యాయమూర్తులే యైనను, దాని దైనందిన పరిపాలనాభారమంతయు రిజిస్ట్రారు శిరస్సుననే యుండును. న్యాయమూర్తులను కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారి పార్లమెంటరీ అసెంబ్లీ యెన్నుకొనగా, రిజిస్ట్రారును మాత్రము ఆ న్యాయమూర్తులే పూర్ణసమావేశమున రహస్య ఓటుతో అయిదేండ్లకు ఎన్నుకొందురు. పునరెన్నికకు అవకాశము కలదు. పీడితుడొకడు పంపిన అర్జీ చేరుట, దానికి సంఖ్య పడుట, ప్రతివాదియైన ప్రభుత్వమునకు తాఖీదు పోవుట, కడకు దస్తావేజులు భద్రపడుట ఇత్యాదులన్నియు, న్యాయస్థానాధ్యక్షుని ఆధిపత్యమునకు లోబడి, రిజిస్ట్రారు కార్యాలయము ద్వారానే జరుగవలెను. 2020లో పదవి చేపట్టిన మారియలేనా త్సిర్లి ఈ పీఠమధిష్ఠించిన ప్రథమ మహిళ. ఇక, ఐరోపా పేరు గలిగినను ఈ న్యాయస్థానము యూరోపియన్ యూనియన్‌కు చెందినది కాదు. యూనియన్ న్యాయస్థానము లక్సెంబర్గున నున్నది.