ఫ్యాన్ వెల ఒకసారే, కరెంటు బిల్లు ప్రతి నెలా

బడికి ఫ్యాన్లు ఇచ్చే దాతలు రెక్కల మీద తమ పేరో, గతించిన తల్లిదండ్రుల పేరో రాయించడం మన దగ్గర మామూలే. ఆ పేరు చూసి పిల్లలు దువా చేస్తారు, మంచిదే. అయితే ఫ్యాన్‌తో పాటు బడికి కరెంటు బిల్లు కూడా వస్తుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు. సొసైటీ దాన్ని చందాల్లోంచే, అంటే మీరు అమానత్‌గా అప్పగించిన సొమ్ములోంచే, ఫ్యాన్ తిరిగినన్నాళ్లూ కడుతూ ఉండాలి.

పదో తరగతిలో విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు మేము ఈ లెక్కే పిల్లల చేత వేయిస్తాం. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 220 పనిదినాలు తిరిగితే 132 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు దాదాపు అంతే గాలికి 30 వాట్లు చాలు. ఏడాదికి 53 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఒక్క ఫ్యాన్ మీద ఏటా 550 రూపాయలు మిగులు. ఎనిమిది గదులు, గదికి నాలుగు ఫ్యాన్లు ఉన్న బడిలో అది 17 వేలు దాటుతుంది. ఎంతమంది పిల్లల నోటు పుస్తకాలో ఆలోచించండి. కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన వెయ్యి, పదిహేను వందలు రెండు మూడేళ్లలో తిరిగొస్తాయి.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందని పిల్లలు తప్పక అడుగుతారు. పాత మోటారులో తిరిగే భాగంలో అయస్కాంతత్వం పుట్టించడానికే కొంత కరెంటు పోతుంది, కొంత వేడిగా మారుతుంది. కొత్తదానిలో శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి కొనేవారు నక్షత్రాలు చూస్తే చాలు. దీన్ని పాత రెగ్యులేటర్‌కు కలపకూడదు. రిమోట్ టీచర్ల గదిలో ఉంచాలి, పిల్లల చేతికి చిక్కితే పాఠం సాగదు! తీసేసిన పాత ఫ్యాన్లను మరో పేద బడికి పంపడం మాత్రం మాకు నచ్చదు. బిల్లు భారం వాళ్ల నెత్తికి మారుతుంది, అంతే. రాగి తీగకు వచ్చినంత ధరకు అమ్మేయడమే మేలు.

మన ఊరే ఇందుకు ఒక పాఠం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలు కూలి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆ తర్వాత వీధి దీపాలను మళ్లీ పాత పద్ధతిలోనే పెట్టకుండా 90 వేలకు పైగా దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టుబడి పెడితే, నగరపాలక సంస్థ ఆదా అయిన సొమ్ములోంచి దాన్ని తీర్చే ఏర్పాటు అది. సొసైటీలు కూడా ఇలా చేయవచ్చు. ఒక దాత ఇచ్చిన మొత్తంతో ఒక బడిలో మార్పులు చేసి, అక్కడ మిగిలిన బిల్లు సొమ్ముతో రెండో బడికి వెళ్లవచ్చు.

దీపాల సంగతిలో చిక్కంతా స్విచ్చులది. చాలా తరగతి గదుల్లో కిటికీ పక్క దీపానికీ లోపలి మూల దీపానికీ ఒకటే స్విచ్చు. మూల చీకటిగా ఉందని వేస్తే, ఎండ పడే చోట కూడా దీపం వెలుగుతుంది. వన్‌టౌన్ వైపు గదుల్లో దుమ్ముకు భయపడి కిటికీ తలుపులు మూసేస్తారు, పట్టపగలే అన్ని దీపాలూ వేస్తారు. చెక్క తలుపుల స్థానంలో అద్దాలు, వరుసకో స్విచ్చు, గోడలకు తెల్ల సున్నం చాలా వరకు సరిపోతాయి. కానీ వైరింగ్ మీద పేరు రాయడానికి చోటు ఉండదు కదా, అందుకని దానికి దాత దొరకడమే కష్టం.

ఆఫీసు గదుల్లో ఏసీ 18కి పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం పొరపాటు. మెషీన్ ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన ఉంది. మన సముద్రతీరంలో బాధపెట్టేది ఉక్కపోత. ఏసీ 26కి పెట్టి ఫ్యాన్ కూడా వేస్తే ఒంటికి హాయిగానే ఉంటుంది.

ఓడరేవు 10 మెగావాట్ల సౌర విద్యుత్ ప్లాంటు పెట్టుకుంది, మన బడి మీదా ప్యానెళ్లు పెడదామని కొందరు దాతలు ఉత్సాహంగా అడుగుతున్నారు. పెట్టాలి. కానీ ఫ్యాన్లు, దీపాలు మార్చిన తర్వాతే పెట్టాలని మా మనవి. వాడకం సగానికి తగ్గితే ప్యానెళ్ల ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుంది. వేసవి సెలవుల్లో తరగతులు ఉండవు గనుక, నెట్ మీటర్ కూడా పెట్టిస్తే ఆ ఎండకు పుట్టిన యూనిట్లు గ్రిడ్‌కు వెళ్లి బడి ఖాతాలో జమ అవుతాయి.