మేకపిల్ల కనురెప్ప ఏం చెబుతుంది?

మీ ఇంట్లోనో పక్కింట్లోనో మేకపిల్ల ఉందా? ఉంటే పగటి వెలుతురులోకి తీసుకురండి. ఒకరు పట్టుకోగా, కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం, దాని కడుపులో చేరి ఎవరో రక్తం తాగుతున్నారని అనుమానించాలి!

ఆ దొంగ పేరు హీమాంకస్. రెండు మూడు సెంటీమీటర్ల నట్ట. మేక కడుపులోని నాలుగో గదిలో దాని కాపురం. ఒక్కో పురుగు రోజుకు తాగేది సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక్క చుక్క. చుక్కే గదా అంటారా? లెక్క వేయండి. 500 పురుగులుంటే రోజుకు 25 మిల్లీలీటర్లు. పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 700 మిల్లీలీటర్లే! పైగా ఈ పురుగు వల్ల సాధారణంగా విరేచనాలు కావు. అందుకే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేదాకా చాలామంది గమనించరు.

ఆడపురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, వానాకాలపు వెచ్చని తడిలో వారంలోపే లార్వాలుగా ఎదుగుతాయి. గడ్డిపరకల తడి మీదుగా పైకి పాకుతాయి. మేక అసలు కొమ్మలందుకుని ఆకు మేసే జంతువు. దాన్ని తెల్లవారగానే తడిసిన పొట్టి గడ్డిలో కట్టేస్తే ఆకుకు బదులు లార్వాలను మేపినట్టే.

నట్టలమందు ఉంది గదా అని మందంతటికీ నెలనెలా పోయవచ్చునా? 1961లో థయాబెండజోల్ అనే మందు వచ్చింది. 1964 నాటికే దానికి చావని హీమాంకస్ అమెరికాలో కనిపించింది! మోతాదు చాలకపోతే బలహీనమైన పురుగులు చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. తరువాతి గుడ్లు వాటివే. కాబట్టి కంటికొలతతో మందు పోయకండి. పిల్లను ఎత్తుకుని కాటా ఎక్కి, అందులోంచి మీ బరువు తీసివేయండి. ఆ బరువు చెప్పి డాక్టరునడిగి మోతాదు తెలుసుకోండి. గొర్రె మోతాదు మేకకు చాలకపోవచ్చు, మేక శరీరం కొన్ని మందులను త్వరగా విరిచేస్తుంది.

దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు కనురెప్ప రంగును ఐదు తరగతులుగా చూపే అట్టను తయారుచేశారు. రెప్ప పాలిపోయినవాటికే మందు. ఎర్రగా ఉన్నవాటిలోనూ కొన్ని పురుగులుంటాయి, ఉండనివ్వాలి! మందుకు చచ్చే రకం వాటిలోనే మిగిలి ఉంటుంది. మొండి పురుగుల సంతతిలో అది కలుస్తుంటే మందు మరికొన్నేళ్లు పనిచేస్తుంది.

అన్నట్టు, రెప్ప ఎర్రగా ఉండి విరేచనాలవుతుంటే అది కాక్సీడియా పని కావచ్చు. అది పురుగు కాదు, పేగులో పెరిగే ఏకకణజీవి. నట్టలమందు దాన్నేమీ చేయదు. ఆ పిల్ల పేడ కాస్త పొట్లం కట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. సూక్ష్మదర్శినిలో చూసి సరైన మందు చెబుతారు.