సాక్ష్యము వినబడవలెను – చిత్రములలో శబ్దపు హెచ్చుతగ్గులను సరిచూచుకొను పాఠము



జూబిలీ పండుగలకు, ఆలయ ప్రతిష్ఠలకు, పెద్దల సాక్ష్యములను భద్రపరచుటకు మన సంఘములలో ఇప్పుడు చిన్న చిన్న చిత్రములు తీయుచున్నాము. బొమ్మ బాగుగానే వచ్చుచున్నది. శబ్దము దగ్గరనే చాలమంది దెబ్బ తినుచున్నారు. మేమును తిన్నాము. ఆ అనుభవమునే పాఠముగా మీ ముందుంచుచున్నాము.

మా ఊరికి పని కొరకు వచ్చి స్థిరపడిన తొలి కుటుంబముల పెద్దలు ముగ్గురిని మాట్లాడించి, 20 నిమిషముల చిత్రము తయారు చేశాము. కూర్పు చేసిన తమ్ముడు హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నప్పుడు అంతా సరిగానే ఉన్నది. ఆదివారము ఆరాధన తరువాత ఆలయములో వేయగా తప్పులు బయటపడినవి. మాటలు సన్నగా వచ్చినవి. వాల్యూము పెంచితే నడుమ వచ్చిన పాట చెవులు అదరగొట్టినది. చివర సాక్ష్యమిచ్చిన అవ్వ సంగతి మరీ బాధ. పెదవులు కదలుచున్నవి గాని మాట లేదు. ఆమె మనుమరాలు లేచి, "తాతయ్యా, మా అవ్వ మాట ఎక్కడికి పోయింది?" అని అడిగినది. చిత్రము తీసిన రెండు నెలలకే ఆ అవ్వ ప్రభువునొద్దకు వెళ్లినది. మరల చెప్పించుకొనుటకు వీలు లేదు. అందుచేత తప్పు ఎక్కడున్నదో ఓపికగా వెదకవలసి వచ్చినది.

మొదట తెలిసికొనవలసిన కొలతలు

శబ్దమును డెసిబెల్లులలో కొలుతురు. కంప్యూటరు మీటరులో అన్నిటికంటె పై అంచు 0. అది ఇంటి కప్పు వంటిది. అందువలన అంకెలన్నియు −6, −12, −20 అని 0కి క్రిందనే ఉండును. కూర్పు చేసే ప్రోగ్రాము లోపల శబ్దము 0 దాటినను కొంత ఓర్చుకొనును గాని, ఫైలుగా ఎక్స్‌పోర్టు చేయునప్పుడు ఓర్చుకొనదు. కప్పు దాటిన భాగము తల తెగిపోవును. మనకు వినిపించే గరగర అదే. తెగిన ఫైలును తరువాత ఎంత తగ్గించినను అది అతుకదు.

అయితే అంచు ఒకటి, వినికిడి ఒకటి. ఒక్క చప్పట్ల దెబ్బ −3 వరకు లేచినను, మాట మొత్తము మీద నీరసముగానే ఉండవచ్చును. చెవికి తోచే సగటు బిగ్గరతనమును కొలుచుటకు ఎల్.యు.ఎఫ్.ఎస్. అను కొలత ఉన్నది. దానికి ఆధారమైన లెక్కను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 2006లో ప్రకటించినది. ఐరోపా ప్రసార సంస్థల కూటమి 2010లో టెలివిజనుకు −23 అని నిర్ణయించినది. యూట్యూబు సుమారు −14 కంటె బిగ్గరగా ఉన్నదానిని తగ్గించును. మెల్లగా ఉన్నదానిని సాధారణముగా పెంచదు. మా చిత్రములో మాటల భాగము −32, పాట భాగము −17 చూపినది. వాల్యూము పెంచితే పాట ఎందుకు అదరగొట్టినదో అప్పుడు అర్థమైనది.

వెదకు క్రమము

1. తప్పు ఎక్స్‌పోర్టులో ఉన్నదా, కూర్పులో ఉన్నదా? ఎక్స్‌పోర్టు చేసిన ఫైలును మరల ప్రోగ్రాములోనికి తెచ్చి, అసలు కూర్పు ప్రక్కన పెట్టి, ఒకే చోట మీటరు చూడుడి. రెండును ఒకటే అయితే ఎక్స్‌పోర్టు నిర్దోషి. మా సంగతి అదే. తమ్ముడు తాను వినుటకు ఉన్న వాల్యూమును పెద్దది చేసికొని పని చేసినాడు. ఆ వాల్యూము మన చెవికే గాని ఫైలులోనికి పోదు. ఫైలులోనికి పోవునది ట్రాకు యొక్క లెవెలు మాత్రమే. కాబట్టి చెవిని గాక మీటరును నమ్మవలెను.

2. రెండును వేరుగా ఉంటే ఎక్స్‌పోర్టు పేజీలో ఆడియో భాగము తెరువుడి. నార్మలైజు అనుదానికి టిక్కు పడియున్నదా? స్టీరియోకు బదులు 5.1 ఎంచబడియున్నదా? 5.1లో మాటలు సాధారణముగా నడిమి స్పీకరుకు పోవును. రెండే స్పీకర్లున్న చోట సరిగా కలుపకపోతే మాట తగ్గును, లేదా పోవును. ఏదైన ట్రాకు మ్యూటులో మిగిలినదా? వీడియోకు వాడుక 48,000 హెర్ట్జు; అదియు చూడుడి.

3. అంతటిని ఒకేసారి పెంచకుడి. మేము తొందరపడి మొత్తము 12 డెసిబెల్లులు పెంచగా పాట కప్పును తగిలి గరగరలాడినది. తరువాత పాటను అలాగే ఉంచి, మాటలను మాత్రము 15 పెంచాము. రెండును −17 దగ్గర కలిసినవి. ఫ్యాను హోరు కూడ కొంత పెరిగినది, దానిని ఓర్చుకొన్నాము. మాట వెనుక సంగీతము నడిచే చోట సంగీతమును మాట కంటె 15 నుండి 20 డెసిబెల్లులు క్రింద ఉంచుట మంచిది. చివర లిమిటరు పెట్టి అంచు −1 దాటకుండ చూడుడి. ఫైలును కుదించునప్పుడు అంచులు కొద్దిగా లేచును గనుక ఆ ఖాళీ అవసరము.

4. మోనోలో వినుడి. అవ్వ మాట దొరికినది ఇక్కడనే. ఆమెను తీసిన రోజున మిక్సరు నుండి కెమెరాకు ఒక కేబులు పెట్టాము. మిక్సరు నుండి వచ్చే ఎక్స్.ఎల్.ఆర్. కేబులులో ఒకే మాట రెండు తీగలలో పోవును. ఒకటి నిటారుగా, ఒకటి తలక్రిందులుగా. బయటి రొదను తొలగించుటకే ఆ ఏర్పాటు. కెమెరా చిన్న జాకు వాటిని ఎడమ, కుడి అని వేరువేరుగా తీసికొన్నది. హెడ్‌ఫోన్లలో చెవికొకటి గనుక మాట వినిపించినది. ఆలయపు ఆంప్లిఫయరు రెంటిని ఒకటిగా కలిపినది. 5లో నుండి 5 తీసివేస్తే మిగులునదేమి? మాట పోయినది. మందు సులువే. కుడి ప్రక్క శబ్దమును తీసివేసి, ఎడమ దానినే రెండు వైపుల పెట్టాము. మరుసటి ఆదివారము అవ్వ మాట వెనుక వరుస వరకు వినబడినది. మనుమరాలు కన్నీరు తుడుచుకొన్నది.

వినుట వలన విశ్వాసము కలుగునని నమ్మిన ప్రజలము మనము. కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో, స్పష్టము కాని బూర ధ్వనిని గురించి అపొస్తలుడు చెప్పినది ఒకసారి చదువుకొనుడి. మన పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారి సాక్ష్యమును తీసినంత మాత్రమున చాలదు. అది వినబడునట్లు అప్పగించుట కూడ మన బాధ్యత.

యవ్వనస్థుల కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. మీటరులో 0 దాటిన శబ్దమునకు ఎక్స్‌పోర్టులో ఏమి జరుగును?
2. అంచు కొలతకు, ఎల్.యు.ఎఫ్.ఎస్. కొలతకు భేదమేమి?
3. హెడ్‌ఫోన్లలో వినిపించిన మాట ఆలయములో పోయినచో మొదట ఏమి పరీక్షించవలెను?
4. మీ సంఘములో ఇంకను సాక్ష్యము తీయని పెద్దలు ఎవరు? ఈ నెలలో ఎవరి యింటికి వెళ్లెదరు?