రేడియేషన్ పనిచేస్తోందా? ఎంఆర్‌ఐ అంకె ఏం చెబుతుంది?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు అవగాహన పాఠం
నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం

క్యాన్సర్‌కి రేడియేషన్ ఇవ్వడాన్ని మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు. దీనికోసం వారాల తరబడి విజయవాడ, గుంటూరు తిరగాలి. కూలి పోతుంది, ఒళ్లు నీరసిస్తుంది. సగంలో "గడ్డ తగ్గలేదు, ఇంకెందుకు?" అనిపించవచ్చు. దయచేసి మానకండి. కారణం ఇదీ.

గడ్డ ఎందుకు వెంటనే తగ్గదు?
రేడియేషన్ దెబ్బకు చనిపోయిన కణాలను శరీరం నెమ్మదిగా తొలగిస్తుంది. అందుకే చికిత్స ముగిశాక కూడా కొన్ని వారాలపాటు గడ్డ తగ్గుతూ ఉంటుంది.

ఎంఆర్‌ఐ ఏం కొలుస్తుంది?
ఎంఆర్‌ఐ అయస్కాంతంతో పనిచేస్తుంది, ఇందులో రేడియేషన్ ఉండదు. ఇందులోని "డిఫ్యూజన్" పద్ధతి గడ్డలో నీరు ఎంత సులువుగా కదులుతోందో కొలుస్తుంది. ఆ అంకె పేరు ఏడీసీ.

పెనుగంచిప్రోలు తిరునాళ్లలో జనం కిక్కిరిసి ఉంటే అడుగు వేయలేం. జనం పలచబడితే హాయిగా నడుస్తాం. గడ్డలో కూడా అంతే. కణాలు కిక్కిరిసి ఉంటే అంకె తక్కువ. కణాలు చనిపోయి ఖాళీ ఏర్పడితే అంకె పెరుగుతుంది. ఉదాహరణకు 0.9 ఉన్నది 1.3 అయితే, సైజు పెద్దగా మారకపోయినా మందు పడుతోందని అది ఒక మంచి సూచన.

అంకె ఒక్కటే తీర్పు కాదు
మెదడు గడ్డల్లో రేడియేషన్ తర్వాత మొదటి 12 వారాల్లో వాపు వల్ల గడ్డ పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకే పాత, కొత్త స్కాన్లు పక్కపక్కన పెట్టి డాక్టరే చెప్పాలి. రిపోర్టు చదివి ఇంట్లో నిర్ణయం తీసుకోవద్దు.

మధ్యలో ఆపితే?
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో లోపల పెట్టే రేడియేషన్‌తో కలిపి చికిత్స మొత్తం 8 వారాల్లోపు పూర్తవ్వాలి. ఆలస్యమైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

మీరు చేయాల్సినవి
• పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు ప్రతిసారీ తీసుకెళ్లండి.
• వీలైతే అదే సెంటర్‌లో, అదే మెషిన్‌పై స్కాన్ చేయించుకోండి. అప్పుడే అంకెలు సరిగ్గా పోల్చవచ్చు.
• పేస్‌మేకర్, ఒంట్లో రాడ్లు, క్లిప్పులు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.
• స్కాన్ పథకం కింద వస్తుందా అని ముందుగానే ఆసుపత్రిలోని వైద్య సేవ హెల్ప్‌డెస్క్‌లో అడగండి. పథకం కింద ఇచ్చే చికిత్సకు డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి.
• ఒక్క సిట్టింగ్ తప్పినా అదే రోజు డాక్టరుకు తెలపండి.

ఈ పీడీఎఫ్‌ని చికిత్సలో ఉన్నవారికి, వారి ఇంట్లోవాళ్లకు పంపండి.