వ్యాధి పిదప కాయకము

వీరశైవుని నిత్యపూజలో ఎడమ అరచేయియే పీఠము. ఇష్టలింగమును దానియందు నిలిపి, కుడిచేత విభూతియు పత్రియు సమర్పించి, దృష్టిని లింగమునందు చేర్చుట బాల్యమునుండి అలవడిన పని. పక్షవాతము ఎడమ భాగమునకు సోకినవానికి నడకకంటె ముందు ఈ అరచేతిలోనే లోటు తెలియును. వ్రేళ్లు విచ్చుకొనవు. లింగము జారునేమో యను భయము పుట్టును. నియమమునకు భంగము కలిగెనను చింత వ్యాధికంటె ఎక్కువగా క్రుంగదీయును.

మెదడులోని రక్తనాళము మూసుకొనుటవలనగాని, చిట్లుటవలనగాని ఈ వ్యాధి కలుగును. మెదడు కుడిభాగము దెబ్బతిన్నచో దేహము ఎడమభాగము చచ్చుబడును. చెడిన భాగము తిరిగి మునుపటివలె కాదు. కాని అభ్యాసముచేత మెదడులోని ఇతర భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనును. తొలి మూడు నుండి ఆరు మాసములలో కోలుకొనుట త్వరగా సాగును. పిదప మందగించును గాని బొత్తిగా ఆగదు. ఈ సంగతి తెలియనివారు నాలుగవ మాసముననే "ఇంక ఇంతే" యని వ్యాయామమును మానుదురు. సుమారు ముగ్గురు రోగులలో ఒకరికి మనోవ్యాకులత కూడ తోడగును. కారణము లేక కన్నీరు వచ్చుట, అన్నము సహింపకుండుట భక్తిలోపమునకు గుర్తులు కావు. వానికిని చికిత్స కలదు. "శివుని నమ్మినవానికి ఏడుపేల?" యని ఇంటివారు మందలించుట క్రూరము.

షట్‌స్థలములలో మూడవది ప్రసాది స్థలము. లభించినదానిని శివునికర్పించి ప్రసాదముగా స్వీకరించుట దాని స్వరూపము. బలమైన దేహమును ప్రసాదమనియు, నీరసించిన దేహమును శాపమనియు ఎంచువాడు విస్తరిలో తీపిని మాత్రము ఏరుకొని తినువానివంటివాడు. అయితే స్వీకారమనగా వైద్యమును విడుచుట కాదు. ఒంట్లో తేలికగా తోచగానే రక్తపుపోటు మాత్రలు మానివేయువారు అదే వ్యాధిని మరల పిలుచుచున్నారు. ప్రసాదమును పారవేయరాదను నియమము దేహమునకును వర్తించును.

పన్నెండవ శతాబ్దమున కళ్యాణమునందు నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు ఆతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ మిగులును ఉన్నచోటనే పోసి రమ్మని పంపినదట. లోభమును ఖండించుటకు ఈ కథను చెప్పుట వాడుక. రోగి ఇంట దీనికి మరియొక అర్థము స్ఫురించును. రేపటి భయమును ఈనాడే మూటగట్టుకొనుటయు మిగులే. వ్యాధి తిరుగబెట్టునేమో, కొట్టు ఎవరు నడుపుదురు, కూతురి పెండ్లి ఎట్లు—ఇవి నిజమైన ప్రశ్నలే. కాని అర్ధరాత్రి మంచముపై వీనిలో ఒక్కదానికైనను సమాధానము దొరకదు. పగటివేళ ఒక గంటను నియమించి, ఇంటివారితో కూర్చుండి, అప్పులు, మందుల వెచ్చము కాగితముపై వ్రాసికొని, తక్కిన వేళ వానిని అచ్చటనే వదలవచ్చును. ఇదియు ఒక్కనాట రాదు, అభ్యాసమున వచ్చును.

కాయకము మారుట మరింత కఠినము. జీవితమంతయు కొట్టులో నిలిచి తూకము వేసినవానికి కుర్చీలో కూర్చుండుట అవమానముగా తోచును. నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. మడివాళ మాచయ్య బట్టలుదికినవాడు. పని పెద్దదా చిన్నదా యను తర్కము వారికి పట్టలేదు. కుడిచేయి ఆడువాడు పద్దులు వ్రాయగలడు. మాట నిలిచినవాడు పిల్లలకు శరణుల కథలు చెప్పగలడు. ఆకుకూర ఏరుటయు కాయకమే. జాలిచేత సర్వము తామే చేసిపెట్టు ఇంటివారు ఉపకారము చేయుట లేదు. పని తప్పినకొలది ఆ చేయి మరింత బిగిసిపోవును. చెంబు పట్టుటకు పది నిమిషములు పట్టినను పట్టనీయవలెను.

ఇక లింగపూజ. ఎడమచేతిని ఒడిలో మెత్తని వస్త్రముపై ఆనించి, క్రింద భార్యగాని కుమారుడుగాని చేయి ఆసరా యిచ్చినచో లింగమును నిలుపుట సాధ్యము కావచ్చును. అదియు కుదరనిచో చేయదగినదానిని గురువునే అడుగవలెను గాని పొరుగువారి ఆక్షేపణలకు చెవియొగ్గరాదు. రోగి మఠమునకు రాలేనప్పుడు మఠమువారే జంగమును ఇంటికి పంపుట మేలు. అయితే ఒక జాగ్రత్త కలదు. పక్షవాతము వచ్చినవారిలో కొందరికి మ్రింగుట కష్టమై, పలుచని నీరు ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదముండును. అట్టివారు వైద్యుడు అనుమతించువరకు పాదోదకమును కన్నులకద్దుకొని ఊరకుండవలెను. ఆ మాటను జంగమునకు ముందుగా విన్నవించుట ఇంటివారి పని.