తాతమ్మ ఊరు విడిచిన రోజు గురించి అడుగు



అమ్మమ్మ చెప్పే యుద్ధం కబుర్లన్నీ రికార్డు చేయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని తలపెట్టావు తల్లీ. అమీర్‌పేటలో నీ హాస్టల్ నుంచి పంజగుట్టలో అమ్మమ్మ ఇంటికి మెట్రోలో ఒక్క స్టేషనే. ఆదివారం భోజనాలయ్యాక వెళ్లు, ఆ వేళప్పుడు ఆవిడ హుషారుగా ఉంటుంది.

ముందుగా ఒక సంగతి. అమ్మమ్మ నోట రెండు యుద్ధాలు కలగలిసిపోయి వస్తాయి. 1971లో ఆవిడకు ఇరవై ఏళ్లు, విశాఖపట్నంలో కొత్త కాపురం. దీపాలార్పిన వీధులు ఆవిడ కళ్లారా చూసినవే. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ రేవు బయట పేలి మునిగింది. ఆ చప్పుడు ఆవిడ చెవులారా విన్నది. అయితే ‘విమానాలొచ్చి బాంబులేశాయి’ అంటుంది చూడు, అది వాళ్లమ్మ, అంటే మీ తాతమ్మ, 1942లో చూసింది. 1971లో పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్, ఆగ్రా లాంటి చోట్ల వైమానిక స్థావరాల మీద పడ్డాయి కానీ విశాఖ దాకా రాలేదు.

మాట మధ్యలో ఆవిణ్ణి దిద్దకు. చెప్పనివ్వు. హాస్టల్‌కు వచ్చి రాసుకునేటప్పుడు, ఆవిడ చూసిందీ తల్లి దగ్గర విన్నదీ విడివిడిగా రాసుకో. ఇద్దరు పడుచుపిల్లల జ్ఞాపకాలు ఒక్క గొంతులో ఉన్నాయి. ఏది ఎవరిదో తేల్చాల్సింది నువ్వే. 2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి కదా, ఆ రోజు చీకటి పడగానే ఆవిడ ఇంట్లో లైట్లన్నీ తీసేసి కూర్చుందట. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6, సోమవారం. అమ్మమ్మ తేదీ చెప్పదు. చిత్రభాను సంవత్సరం, ఉగాది వెళ్లాక అంటుంది, అది సరైనదే. బంగాళాఖాతంలో తిరుగుతున్న జపాన్ నౌకాదళంలో ర్యూజో అనే విమానవాహక నౌక ఉండేది. దాని మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో 1933లో తెరిచిన రేవు ఉంది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్ర ప్రసాద్ సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన చేసి ఏడాదైనా కాలేదు.

బాంబులు పడింది కాసేపే. ఊరు ఖాళీ కావడమే పెద్ద కథ, చాలామంది అక్కడ అడగడం మానేస్తారు. అంత భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడి రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగు కూలీలే. ఓడలు దొరికినవాళ్లు ఓడల మీద, దొరకనివాళ్లు అస్సాం కొండల మీదుగా నడిచి వచ్చారు. వాళ్లు చెప్పింది తీరం పొడుగునా పాకిపోయింది. మార్చి 23న అండమాన్ జపాన్ చేతిలోకి పోయింది, ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. మర్నాడే విశాఖ. ఇక ఎవరు ఆగుతారు? ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది.

తాతమ్మ ఆ రోజు ఏం పట్టుకెళ్లిందో తెలుసా? ఆవకాయకని అప్పుడే కొట్టించిన కారం మూట! ఆవును కట్టు విప్పి వదిలేసి, గంగాళం పెరట్లో పాతిపెట్టి, ఆ మూట మాత్రం ఒళ్లో పెట్టుకుని బండెక్కింది. విజయనగరం దాకా బండిలో అందరూ తుమ్ముతూనే ఉన్నారని చెప్పేది. ఇలాంటివే అడుగు తల్లీ. ఎవరింట్లో దిగారు, ఎన్నాళ్లున్నారు, వెనక ఎవరు మిగిలారు, తిరిగొచ్చాక ఆవు కనిపించిందా.

ఇంగ్లండులో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ 1939లో మామూలు మనుషుల చేత డైరీలు రాయించింది. బారో అనే ఓడల తయారీ పట్నంలో నెల్లా లాస్ట్ అనే గృహిణి అలా రాయడం మొదలుపెట్టింది. 1941లో బాంబులకు ఇల్లు దెబ్బతిన్నా మానలేదు, 1966 దాకా రాసింది. మీ తాతమ్మను మాత్రం ఎవరూ రాయమని అడగలేదు. ఆవిడ పోయాక ఆ సంగతులు అమ్మమ్మ దగ్గరే మిగిలాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

చెప్పింది చెప్పినట్టే రాయి. ‘ఎల్లిపోనాం’ అంటే దాన్ని పుస్తకాల భాషలోకి మార్చకు. విశాఖ వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నాటి జపాన్ బాంబు తొడుగు ఉంటుంది, ఫొటో తీసి అమ్మమ్మకు చూపించు. అది చూస్తే మరో నాలుగు సంగతులు గుర్తొస్తాయి. రికార్డు చేసిందంతా ఒక్క ఫోన్లోనే ఉంచకు. ఒక కాపీ నాకు పంపు, ఒకటి మీ అమ్మకివ్వు.

ఆశీస్సులతో,
మీ చిన్నతాతయ్య